పాఠకుల ప్రశ్నలు: తుపాను ఒకచోట, ఉప్పెన మరోచోట

ప్రశ్న: 1977 నవంబరు 19 నాటి తుపాను చీరాల సమీపంలో తీరం దాటిందని చదివాను. మరి ఉప్పెన దివిసీమను ఎందుకు ముంచెత్తింది?
– ఒక పాఠకురాలు, అవనిగడ్డ

జవాబు: భూమధ్యరేఖకు ఉత్తరాన తుపాను గాలులు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. అందువల్ల వాయవ్యంగా కదులుతూ మన తీరాన్ని దాటే తుపానుకు కుడివైపున, అంటే ఈశాన్య భాగాన, గాలి సముద్రం మీది నుంచి నేల మీదికి వీస్తుంది. ఎడమవైపున నేల మీది నుంచి సముద్రంలోకి వీస్తుంది. పైగా కుడివైపున తుపాను కదిలే వేగం కూడా గాలి వేగానికి తోడవుతుంది. దివిసీమ సరిగ్గా ఆ వైపునే పడింది.

తుపాను కేంద్రంలో పీడనం పడిపోవడం వల్లనే సముద్రం ఉబ్బుతుందని చాలామంది అనుకుంటారు. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే నీటిమట్టం పెరిగేది దాదాపు ఒక సెంటీమీటరే కాబట్టి, 80 మిల్లీబార్లు తగ్గినా ఆ పెరుగుదల ఒక మీటరు దాటదు. ఆనాటి ఉప్పెన ఎత్తు సుమారు 5 మీటర్లు. మిగిలినదంతా గాలి పనే. లోతైన సముద్రంలో గాలి నెట్టిన నీరు అడుగు నుంచి వెనక్కి మళ్లిపోతుంది. తీరం దగ్గర లోతు చాలక, మళ్లే దారి లేక, పోగుపడి ఊళ్ల మీద పడుతుంది. కృష్ణా ముఖద్వారం దగ్గరి పల్లపు నేల దానికి అడ్డు చెప్పలేకపోయింది. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది చనిపోయారు. తీరం దాటే ఊరి పేరు విని, మన ఊరు కాదు కదా అని ధైర్యపడడం అందుకే ప్రమాదకరం.

ప్రశ్న: 1970 తుపానులో నేటి బంగ్లాదేశ్‌లో 3 లక్షల మందికి పైగా చనిపోయారంటారు. ఇప్పుడు అక్కడ అంత ప్రాణనష్టం వినబడడం లేదు. తుపాన్లు బలహీనపడ్డాయా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: బలహీనపడలేదు. అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని భోలా ప్రాంతంపై 1970 నవంబరు 12 రాత్రి విరుచుకుపడిన ఆ తుపానుకు పౌర్ణమి పోటు తోడైంది. బంగాళాఖాతం ఉత్తరానికి పోయేకొద్దీ గరాటులా ఇరుకై, మేఘనా నది ముఖద్వారం దగ్గర లోతు బాగా తగ్గిపోతుంది. తుపాను వస్తోందని చాలామందికి ముందే తెలుసు. గట్టి కట్టడంలోకి చేరినవారు మాత్రం నూటికి ఒకరేనని తరువాతి పరిశీలనల్లో తేలింది. చేరడానికి అలాంటి కట్టడాలు ఉంటే కదా! బతికిన వారిలో చాలామందికి రొమ్ము మీద, చేతులు, తొడల లోపలి వైపున చర్మం లేచిపోయి ఉండడాన్ని అక్కడ తిరిగిన వైద్యులు నమోదు చేశారు. అవి రాత్రంతా చెట్టును కరచుకొని ఉన్నందువల్ల పడిన గాయాలు. అలా పట్టుకొని ఉండగల బలం లేని పిల్లలు, ముసలివారు, స్త్రీలు ఎక్కువగా కొట్టుకుపోయారు.

ఆ తరువాత ప్రభుత్వం, రెడ్ క్రాస్ కలిసి తుపాను సన్నద్ధత కార్యక్రమాన్ని చేపట్టాయి. ఊరివాళ్లే స్వచ్ఛంద కార్యకర్తలుగా మెగాఫోను, చేతి సైరను పట్టుకొని ఇంటింటికీ తిరుగుతారు. ప్రమాదం దగ్గరపడేకొద్దీ జెండాల సంఖ్య పెంచి, మూడో జెండా ఎగిరేసరికి ఇల్లు వదలాలని చెబుతారు. అయినా 1991లో మళ్లీ సుమారు 1,38,000 మంది చనిపోయారు. షెల్టర్లు చాలలేదు, పరాయి మగవాళ్ల మధ్య ఉండవలసి వస్తుందని ఎందరో స్త్రీలు బయలుదేరనే లేదు. స్తంభాల మీద నిలిపిన బడి భవనాలు, స్త్రీలకు వేరు గదులు, మహిళా కార్యకర్తలు పెద్ద సంఖ్యలో వచ్చింది ఆ దెబ్బ తరువాతే. పశువుల కోసం ఎత్తైన మట్టిదిబ్బలు కూడా వేశారు. గొడ్డును నీళ్లకు వదిలేసి రమ్మంటే ఏ రైతు వస్తాడు? నా దృష్టిలో కాంక్రీటు కన్నా ఈ దిబ్బలే తెలివైన ఆలోచన.

2007లో అతి తీవ్రమైన సిడర్ తుపానుకు సుమారు 3,400 మంది బలయ్యారు. 2020 మేలో అంఫన్ వచ్చినప్పుడు దాదాపు 24 లక్షల మందిని తరలించడంతో బంగ్లాదేశ్‌లో మరణాలు పదుల సంఖ్యకే పరిమితమయ్యాయి. అంఫన్ తీరం దాటింది పశ్చిమ బెంగాల్లోని సుందరవనాల దగ్గర కాబట్టి ఈ పోలిక పూర్తిగా న్యాయమైనది కాదు. సిడర్ బంగ్లాదేశ్ మీదనే తీరం దాటింది కనుక దానితో పోల్చడమే సరైనది. 2008 మేలో మయన్మార్‌లోని ఐరావతి డెల్టాను నర్గీస్ తుడిచిపెట్టినప్పుడు, ఇలాంటి ఏర్పాటు లేని చోట మరణించినవారు, గల్లంతైనవారు కలిపి 1,38,000కు చేరారు.

ప్రశ్న: 2013 నవంబరు 8న ఇక్కడ టాక్లోబాన్‌ను నాశనం చేసిన హయాన్ తుపాను గాలి వేగం ఒకచోట గంటకు 315 కిలోమీటర్లని, మరోచోట 230 అని ఉంది. ఏది నిజం?
– ఫిలిప్పీన్స్‌లో వైద్యవిద్య చదువుతున్న ఒక విద్యార్థి

జవాబు: రెండూ హయాన్‌కు కట్టిన అంచనాలే. అమెరికా తుపాను హెచ్చరికల కేంద్రం ఒక నిమిషం సగటును, జపాన్ వాతావరణ సంస్థ 10 నిమిషాల సగటును లెక్కిస్తాయి. వ్యవధి పెరిగితే సగటు తగ్గుతుంది. అంచనా కట్టే పద్ధతుల్లోనూ కొంత తేడా ఉంది. మన భారత వాతావరణ విభాగానిది 3 నిమిషాల సగటు. అందువల్ల ఒక సంస్థ అంకెను మరో సంస్థ అంకెతో పోల్చి, తుపాను బలపడిందనో నీరసించిందనో తేల్చకూడదు. అక్కడ తీరంలో ఉంటున్నారు కనుక, ప్రకటనలో గాలి వేగంతో పాటు ఉప్పెన ఎత్తు ఎంతని చెప్పారో కూడా వెతికి చూడండి. టాక్లోబాన్‌లో ఎక్కువమందిని బలిగొన్నది 5 మీటర్లకు పైగా లేచిన ఆ నీరే.