అల్లుడూ, ఆ ఇనుప బ్లాక్‌ని అప్పుడే దించకు

చిరంజీవి అల్లుడికి,

నీ 1969 షెవర్లే కమారో కారు ఫొటోలు అందాయి. రంగు గురించి తర్వాత పోట్లాడుకుందాం. పాత 350 (క్యూబిక్ అంగుళాల) ఇంజన్ ఇనుప బ్లాక్, అంటే సిలిండర్లు ఉండే ఆ పెద్ద దిమ్మ, తీసేసి అల్యూమినియంది వేద్దామా అని అడిగావు. డబ్బు తీసేముందు బ్లాక్ మీద నంబరు చూడరా. కుడివైపు హెడ్‌కి (సిలిండర్ల మీద మూతలా కూర్చునే భాగానికి) ముందు చదునుగా చిన్న ప్యాడ్ ఉంటుంది. అక్కడ లేకపోతే ఆయిల్ ఫిల్టర్ పైభాగంలో వెతుకు. ఆ నంబరులో చివరి ఆరు అంకెలు నీ బండి విన్ నంబరు (ఛాసిస్ నంబరు) చివరి అంకెలతో కలిశాయంటే, బండీ ఇంజనూ ఫ్యాక్టరీ నుంచి కలిసి వచ్చినవే. కొనేవాళ్లు విలువ కట్టేది అది చూసే. ఇక దాన్ని అమ్మే మాట ఎత్తకు. వేరే ఇంజన్ వేసుకున్నా సరే, దీనికి నూనె పూసి, చుట్టి, షెడ్డులో దాచుకో.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నా షెవెల్ కారు బ్లాక్‌కి డెక్, అంటే హెడ్ కూర్చునే పైతలం, చదును చెయ్యమని ఒక మెషిన్ షాపులో ఇచ్చాను. ప్యాడ్ కూడా డెక్ ఎత్తులోనే ఉంటుంది కదా, కట్టర్ దాని మీద నుంచే పోయింది. పని అద్దంలా చేశాడు, నంబరు మాత్రం లేకుండా పోయింది. తప్పు నాదే, నోరు తెరిచి చెప్పలేదు. నువ్వు మాత్రం 'ప్యాడ్ ముట్టుకోవద్దు' అని బిల్లు మీదే రాయించు.

ఇక బరువు సంగతి. ఇనుము అల్యూమినియం కంటే రెండున్నర రెట్లకు పైగా బరువు. అయితే అల్యూమినియం బ్లాక్‌కి గోడలు మందంగా పొయ్యాలి, లోపల ఇనుప స్లీవులు (సిలిండర్ గొట్టాలు) పెట్టాలి. అందుకని నీ 350 లాంటి స్మాల్ బ్లాక్‌లో తగ్గే బరువు ముప్పై కిలోలకు అటూ ఇటూ. అందులో చాలా భాగం హెడ్లు, ఇంటేక్ మానిఫోల్డ్ (గాలి లోపలికి వెళ్లే గొట్టాల భాగం) అల్యూమినియంవి వేసుకున్నా తగ్గుతుంది, ఖర్చూ తక్కువ. 1969లో షెవర్లే వాళ్లు 427 అల్యూమినియం బ్లాక్‌తో జెడ్ఎల్1 కమారోలు చేశారు, మొత్తం 69 బళ్లే. ఆ ఇంజన్‌కే 4,000 డాలర్లకు పైగా అదనం. తిన్నటి దారిలో డ్రాగ్ రేసులు ఆడేవాళ్లకి ఆ లెక్క వేరు, నీది ఆదివారం షికారు బండి.

ఇనుములో నాకు నచ్చేది రిపేరు. సిలిండర్ అరిగితే 30 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు) బోర్ చేయించి, అంటే లోపల వెడల్పు చేయించి, కొత్త పిస్టన్లు వేసుకుంటే అయిపోయె. ఇదివరకే బోర్ చేసి ఉంటే గోడ మందం సోనిక్ టెస్టులో, అంటే శబ్ద తరంగాలతో కొలిచే పరీక్షలో, చూపించు. పగుళ్లు అయస్కాంతంతో పట్టేస్తారు. అల్యూమినియానికి అయస్కాంతం పనిచెయ్యదు, రంగు మందు రాసి చూడాలి. స్లీవులంటే ఆటోనగర్‌లో లారీ ఇంజన్లకు మేం లాగి మార్చినట్టు అనుకునేవు. షెవర్లే వాళ్ల కొత్తతరం ఎల్ఎస్ ఇంజన్ల అల్యూమినియం బ్లాకుల్లో అవి బ్లాక్‌తో కలిపి పోతపోసినవి, పలచనివి. పది థౌ దాటి బోర్ చెయ్యాలంటే భయమే. కాకపోతే ఒక్కటి ఒప్పుకోవాలి: పగిలితే అల్యూమినియాన్ని వెల్డింగ్ చెయ్యడం సులువు, పోత ఇనుముతో నానా తంటా.

నంబరు కలవకపోయి, నువ్వు బండిని మలుపుల ట్రాక్ మీదకి కూడా తీసుకెళ్లేట్టయితే అల్యూమినియానికి వెళ్లు, కాదనను. అప్పుడు ఒట్టి బ్లాక్ కాదు, ఎల్ఎస్3 లాంటిది పూర్తి ఇంజన్‌గానే కొను. అల్యూమినియం వేడికి ఇనుముకంటే దాదాపు రెట్టింపు సాగుతుంది, బేరింగ్ క్లియరెన్స్ (బేరింగ్ దగ్గర వదిలే సన్నటి సందు) పెరుగుతుంది. ఆ కొలతలు ఇనుప బ్లాక్ లెక్కలో పెట్టేవాడి చేతికి ఇవ్వకు. రేడియేటర్‌లో కుళాయి నీళ్లు పొయ్యకు, డిస్టిల్డ్ వాటర్, మంచి కూలెంట్. ఇంజన్ ఎర్త్ వైరు గట్టిగా బిగించు, లేకపోతే కూలెంట్‌లో పారే కరెంటు లోహాన్ని లోపల్నుంచి తినేస్తుంది.

ఇప్పుడు బ్రేక్ క్లీనర్, మెత్తటి గుడ్డ తీసుకుని ఆ ప్యాడ్ తుడువు. వైర్ బ్రష్ పెట్టకు, ఫ్యాక్టరీ కట్టింగ్ గీతలు చెరిగిపోతాయి. కొనేవాళ్లు అంకెలతోపాటు ఆ గీతలూ చూస్తారు. టార్చి పక్కనుంచి వేసి ఫొటో తీసి, రాత్రికి పంపు.

మామయ్య