కళ్ళార్పమంటే ఆయన ఎలా ఆర్పుతారు?

పాఠకుల ప్రశ్నలకు చూపులేని న్యాయవాది జవాబులు

ప్రశ్న: లాయరు గారికి నమస్కారమండి. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. నేను లేసు అల్లుతాను. మా ఆయనకు చిన్నప్పుడే చూపు పోయింది, రెప్పలు కూడా ఆడవు. ఇంటి అరుగు మీదే కిరాణా కొట్టు నడుపుతారు. ఫోన్‌లో డబ్బు పడితే పైకి చెప్పే పెట్టె ఒకటి పెట్టుకున్నాక, ఎవరెంత ఇచ్చారో ఇంకొకళ్ళని అడగాల్సిన పని తప్పింది. మొన్న కేవైసీ (ఖాతా ఎవరిదో చూసుకునే తనిఖీ) గడువు అయిపోయిందని ఖాతా ఆపేశారు. యాప్‌లో మొహం చూపిస్తే "కళ్ళార్పండి" అంటుంది. ఎనిమిదిసార్లు చేశాం, కాలేదు. బ్యాంకుకు వెళితే "సిస్టమ్ తీసుకోవట్లేదమ్మా, ఖాతా నీ పేరు మీద పెట్టుకో" అన్నారు. పెట్టె మూగబోయింది. ఆయన కొట్లో కూర్చోవడమే మానేశారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఒకటి చెబుతాను. ఖాతా మీ పేరు మీదకు మార్చకండి. ఆ కొట్టు ఆయనది, ఆ లెక్క ఆయనది. చూపులేదన్న కారణంతో బ్యాంకు సేవలు ఆపకూడదని రిజర్వ్ బ్యాంకు 2008లోనే చెప్పింది.

మీ వారికి వచ్చిన ఇబ్బంది నాకూ తెలుసు. నాకు ఇరవై రెండేళ్ళకు చూపు పోయింది. తెర మీద ఉన్నది ఫోన్ చదివి వినిపిస్తే దాంతోనే పని చేసుకుంటాను. ఒకసారి ఒక యాప్‌లో కేవైసీకి కూర్చున్నాను. మొహం గుండ్రంలో పెట్టమని తెర మీద ఉందట, కానీ ఆ అక్షరాలు బొమ్మలో ఉండడంతో ఫోన్ చదవలేకపోయింది. "బటన్, బటన్" అని తప్ప ఇంకేమీ అనలేదు. గుండ్రం ఎక్కడుందో తెలియక చెయ్యి అటూ ఇటూ తిప్పుతుండగానే టైమ్ అయిపోయింది. ఆ రోజు తప్పు నాదే అనుకుని బాధపడ్డాను. ఇప్పుడు అలా అనుకోను, మీ వారు కూడా అనుకోకూడదు.

కెమెరా ముందున్నది ఫొటోనా, బతికున్న మనిషా అని ఆ సాఫ్ట్‌వేర్ తేల్చుకోవాలి. తయారుచేసినవాళ్ళు దానికి నేర్పిన గుర్తు కన్నార్పడం. యాసిడ్ దాడిలో రెప్పలు పోయినవాళ్ళు, చూపులేనివాళ్ళు ఈ మాటే పట్టుకుని సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2025 ఏప్రిల్ 30న తీర్పు వచ్చింది. డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమే అంటూ కోర్టు 20 ఆదేశాలిచ్చింది. కన్నార్పడమే కాకుండా వేరే పద్ధతులూ ఉండాలి. వేలిముద్ర ఒప్పుకోవాలి. కాగితం మీద కేవైసీ కొనసాగాలి. యాప్ బయటికి వదిలే ముందు చూపులేనివాళ్ళతో వాడించి చూడాలి. మీకు అన్నిటికంటే పనికొచ్చేది ఇంకొకటి ఉంది: వైకల్యం వల్ల యంత్రం కాదన్న దరఖాస్తును ఒక మనిషి మళ్ళీ చూడాలి. అదే ఏడాది ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు కూడా, ఈ పరీక్ష పేరుతో ప్రత్యేక అవసరాలున్నవాళ్ళను బయట పెట్టకూడదని తన కేవైసీ ఆదేశాల్లో చేర్చింది.

కాబట్టి మేనేజరు గారికి ఉత్తరం రాయండి. నోటిమాట చాలదు. ఏ తారీకున, ఎన్నిసార్లు ప్రయత్నించారో, ఏ తెర దగ్గర ఆగిందో, కౌంటర్లో ఏమన్నారో రాయండి. ఆ తీర్పు తేదీ వేయండి. "కాగితం మీద కేవైసీ తీసుకోండి, కాదంటే కారణం రాసివ్వండి" అని అడగండి. మీ వారి వేలిముద్ర వేయించి, అందినట్టు కాపీ మీద ముద్ర కొట్టించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, దానికి ఫీజు లేదు. రాష్ట్రంలో దివ్యాంగుల కమిషనర్ ఉంటారు, అక్కడికీ ఒక కాపీ పంపండి. ఉత్తరం రాయడం కష్టమైతే వివరాలు నాకు పంపండి, నేనే రాసి పెడతాను.

ప్రశ్న: మేడమ్, మాది రాజోలు. నాకు పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు పట్టు తప్పడం), మాట ముద్దగా వస్తుంది. ఇంట్లోవాళ్ళకి బాగానే అర్థమవుతుంది. ఈమధ్య ఏ కస్టమర్ కేర్‌కి చేసినా కంప్యూటర్ గొంతే మాట్లాడుతోంది. రెండుసార్లు "అర్థం కాలేదు" అని కట్ చేసేస్తుంది. ఏఐ మీద ఏదైనా చట్టం ఉందా?

జవాబు: బాబూ, మన దేశంలో ఏఐ కోసమని విడిగా చట్టం లేదు. అయినా నువ్వు ఖాళీ చేతులతో లేవు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో సెరిబ్రల్ పాల్సీ ఉంది, మాట, భాషా వైకల్యమూ ఉంది. సేవ ఇచ్చేది ప్రభుత్వమైనా ప్రైవేటైనా, దివ్యాంగులు వాడుకోగలిగేలా ఉండాలన్న అందుబాటు నియమాలు పాటించాల్సిందే. ఫోన్ ఎత్తేది మనిషా, కంప్యూటరా అన్న తేడా ఆ చట్టంలో లేదు. ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల దాకా, ఆ తర్వాత 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా.

అమల్లో మాత్రం చాలా వెనకబడ్డాం. అందుబాటు నియమాలను సలహాల్లా రాసి వదిలేస్తే కుదరదు, తప్పనిసరి చేయాలని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టే కేంద్రానికి చెప్పాల్సి వచ్చింది. యూరప్‌లో 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన ఏఐ చట్టం, ఉద్యోగాల ఎంపిక, అప్పు ఇవ్వాలా వద్దా వంటి పెద్ద నిర్ణయాల్లో వాడే ఏఐని దివ్యాంగులు వాడుకోగలిగేలా తయారుచేయడం తయారీదారు బాధ్యతేనని రాసిపెట్టింది. మనకూ అలాంటి వాక్యం ఒకటి కావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఆ కంప్యూటర్ రికార్డు చేసిన గొంతులు విని మాట నేర్చుకుంటుంది. నీలాంటి గొంతులు అందులో బాగా తక్కువ. మన కోనసీమ యాసకే అది తడబడుతుంటే, నీ మాట దానికి అందకపోవడంలో నీ తప్పేముంది? ఆ కంపెనీకి మెయిల్ పెట్టి రెండు అడుగు: మనిషితో కలిపే నంబరు, రాసి పంపితే జవాబిచ్చే దారి. కాల్ చేసిన టైమ్‌లు ఫోన్‌లోనే ఉంటాయి, స్క్రీన్‌షాట్ తీసి జతచెయ్యి.

ప్రశ్న: మా అమ్మాయికి చూపు లేదండి, ముమ్మిడివరంలో ఇంటర్ చదువుతోంది. ఫొటో తీస్తే చదివి చెప్పే ఏఐ యాప్‌తో పాఠాలు చదువుకుంటోంది. నమ్మొచ్చా?

జవాబు: చదువుకోనివ్వండమ్మా, నేనూ రోజూ వాడతాను. అయితే అంకెల దగ్గర జాగ్రత్త. ఒకసారి మాత్రల పట్టీ చూపిస్తే అలాంటి యాప్ ఒకటి తారీకు తప్పు చదివింది, అదీ ఏమాత్రం తడబడకుండా. పాఠంలో లెక్కలు, ఫార్ములాలు వచ్చినప్పుడు ఫ్రెండ్ చేత ఒకసారి సరిచూపించుకోమనండి. పరీక్షకు స్క్రైబ్ (తను చెబితే రాసిపెట్టే మనిషి) కావాలంటే దరఖాస్తు ఇప్పుడే ఇచ్చేయండి, హాల్ టికెట్ వచ్చేదాకా ఆగొద్దు.