నీ కథని ఇంకొకరి చేత చదివించు

అమ్మాయీ,

నీ కథా, ఉత్తరమూ అందాయి. అత్తగారు తాళంచెవులు లెక్కపెట్టుకునే చోటు బాగుంది. కానీ నా చేత ఈ జవాబు రాయించింది కథ కాదు, ఉత్తరంలో నువ్వు వాపోయిన మాట: "మా రచయితల బృందంలో చదివితే చప్పట్లు కొట్టారు, ఇద్దరు ఏడ్చారు కూడా. పత్రికవాళ్లు మాత్రం తిప్పి పంపారు. ఎందుకంటారు?"

ఆ ఇద్దరూ నీ గొంతు విని ఏడ్చారమ్మా.

"ఆ రాత్రి ఎవరూ దీపం ఆర్పలేదు" అనే ముందు నువ్వు ఆగి ఉంటావు, గొంతు తగ్గించి ఉంటావు. కాగితం మీద ఆ ఆగడం లేదు. మూడో పేజీలో "వెళ్లి, చూసి, కూర్చుని, తలుచుకుని..." అంటూ సాగే వాక్యం ఉంది చూడు. మన భాషలో క్రియ చివర్న వస్తుంది కాబట్టి, అంతదాకా ఎవరి గురించి చెబుతున్నావో చదివేవాడు గుర్తుపెట్టుకోవాలి. నువ్వైతే మధ్యలో ఊపిరి తీసుకుని గట్టెక్కేశావు. నేను రెండుసార్లు వెనక్కి వెళ్లాను.

ఈసారి నువ్వు చదవకు. కథని ఇంతకుముందు చూడని మనిషి చేతిలో అక్కడికక్కడే పెట్టి, పైకి చదవమను. "ఇది మా అమ్మమ్మ చెప్పిన సంగతి" లాంటి ఉపోద్ఘాతాలు వద్దు. ఇంకో ప్రతి పట్టుకుని వెనక కూర్చో. ఎక్కడ తడబడ్డారో, ఏ సంభాషణ ఎవరిదో తెలీక మళ్లీ మొదలెట్టారో గీత పెట్టుకో. తెలియకుండానే ఒక మాట మార్చి చదివితే అది తప్పకుండా రాసుకో, చాలాసార్లు నీ మాటకన్నా అదే నయం. "బాగుంది" అన్నవాళ్లని కథ తిరిగి చెప్పమను. ఏం వదిలేస్తారో విను.

గురజాడ కన్యాశుల్కం 1892లోనే రంగస్థలం ఎక్కింది. అచ్చయింది 1897లో. 1909లో ఆయన దాన్ని చాలావరకు తిరగరాశారు. అచ్చుకి ముందే నటుల నోళ్లలో నలిగిన మాటలవి.

మా రోజుల్లో మా బృందంలో ఒకాయనకి కంచుకంఠం. కిరాణా పద్దు చదివినా వన్స్‌మోర్ అనేవాళ్లు. నాది పీలగొంతు, నేను సగంలో ఉండగానే కుర్చీలు కదిలేవి. ఓసారి నాకు గొంతు పోతే నా కథ ఆయన చదవాల్సి వచ్చింది. నేనంటే గిట్టదు కాబట్టి రాగం లేకుండా గబగబా చదివేశాడు. అయినా నవ్వాల్సిన చోట జనం నవ్వారు! ఆ కథ మీద నాకు నమ్మకం కుదిరింది ఆ రోజే. తర్వాత ఒక సంపాదకుడు సరిగ్గా ఆ నవ్వొచ్చే చోటే కోసేసి వేశాడు. ప్రకటనకి జాగా కావాలిట. ఆయన పోయారు, నా కోపం పోలేదు.

ఈమధ్య వెనకాల వేణువు పెట్టి కథలు చదివి ఆడియోలు వదులుతున్నారు. వేణువు ఏడిస్తే కథ ఏడ్చినట్టా?

పోటీలు, కలం పేరు అంటూ ఏవో అడిగావు. అవి తర్వాత. ముందు మూడో పేజీ వాక్యం విడగొట్టు, ఎవరిచేతనైనా చదివించు, తిరగరాసి పంపు. రికార్డు చేసి మాత్రం పంపకు.

ఆశీస్సులతో...