టెక్ సందేహాలు: లెక్క గేటు దగ్గరా, కాంటా దగ్గరా?

"అన్నా, ఆరు నెలల కిందట రౌటర్ బోర్డులు చేసే ఒక చిన్న కంపెనీలో చేరాను. మా సీనియర్ లినక్స్ నెట్‌వర్క్ డ్రైవర్‌కి ట్రాన్స్‌మిట్ డయాగ్నస్టిక్స్ (ప్యాకెట్లు పంపే దారిలో ఏం జరుగుతోందో చూపే లెక్కలు) కలుపుతూ ఒక ప్యాచ్ రాసి, రివ్యూ చెయ్యమని నాకిచ్చారు. కంపైల్ అవుతోంది, పని చేస్తోంది. ఆయన కోడ్‌లో నేనేం చూడాలి? టెన్షన్‌గా ఉంది."
– కాజీపేట నుంచి ఒక తమ్ముడు

టెన్షన్ ఎందుకు తమ్ముడూ, ఇంకొకరు చూస్తే మంచిదని ఆయనకే అనిపించింది కదా.

మొదట ప్రింట్లు ఎక్కడెక్కడ పెట్టారో చూడు. పంపే దారిలోనే ప్యాకెట్‌కో లైన్ లాగ్‌లోకి రాస్తుంటే అక్కడే ఆపెయ్. 1,15,200 బాడ్ సీరియల్ కన్సోల్ మీద సెకనుకు 11,520 అక్షరాలే పోతాయి, వంద అక్షరాల లైనుకు దాదాపు 9 మిల్లీసెకన్లు పడుతుంది, ఆలోపు గిగాబిట్ లింకు మీద 1500 బైట్ల ప్యాకెట్లు 700 దాకా వెళ్లిపోవాలి. నేనొకసారి ఇట్లాగే ప్రింట్ పెట్టి, ట్రాన్స్‌మిట్ టైమౌట్ వస్తుంటే రెండు రోజులు బోర్డునే అనుమానించాను. టైమౌట్ తెచ్చింది నా ప్రింటే! కౌంటర్ పెంచితే చాలు, తప్పదనుకుంటే ఇన్నిసార్లకు మించి రాయకుండా రేట్ లిమిట్ పెట్టమను.

ఇక అసలు సంగతి. మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు పోయావా ఎప్పుడైనా? గేటు దాటిన బస్తాలు వేరు, కాంటా అయిన బస్తాలు వేరు. డ్రైవర్‌లో ట్రాన్స్‌మిట్ రింగ్ (పంపాల్సిన ప్యాకెట్లను పెట్టే గుండ్రటి వరస) కూడా అంతే, ఒక ఇండెక్స్ మనం ఎక్కడిదాకా పెట్టామో చెబుతుంది, ఇంకొకటి నెట్‌వర్క్ కార్డు పంపేసినవాటిని మనం ఎక్కడిదాకా ఖాళీ చేశామో చెబుతుంది. మీ సీనియర్ "పంపిన ప్యాకెట్లు" అనే కౌంటర్‌ని ఎక్కడ పెంచుతున్నారు? రింగ్‌లో పెట్టగానే పెంచితే అది గేటు లెక్క, కార్డు మొరాయించినా అంకె మాత్రం పెరిగి కనిపిస్తుంది. కార్డు పంపేశాక జరిగే కంప్లీషన్‌లో పెంచితే కాంటా లెక్క. డయాగ్నస్టిక్స్ అన్నాక నాకైతే రెండూ కావాలి, విడివిడిగా, ఎందుకంటే ఆ రెండింటి మధ్య తేడా తగ్గకుండా నిలబడిపోయిందంటే ప్యాకెట్లు ఇరుక్కున్నది అక్కడే.

ఇక్కడే ఒక పాత తప్పు దాక్కుని ఉంటుంది, బాగా సీనియర్లు కూడా చేస్తారు. డిస్క్రిప్టర్ (ప్యాకెట్ ఎక్కడుందో, ఎంతుందో కార్డుకి చెప్పే చీటీ) నింపి, కార్డుకి "తీసుకో" అని చెప్పేసి, ఆ తర్వాత లైనులో బైట్ల కౌంటర్‌కి ప్యాకెట్ పొడవు కలుపుతారు. చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. కానీ కార్డుకి అప్పగించిన క్షణం నుంచి ఆ బఫర్ మనది కాదు, ఇంకో కోర్ మీద కంప్లీషన్ వచ్చి దాన్ని ఫ్రీ కూడా చేసేసి ఉండొచ్చు. బస్తా లారీలో ఎల్లిపోయాక బరువెంత అని అడిగినట్టు. పొడవును ముందే ఒక లోకల్ వేరియబుల్‌లో దాచుకోవాలి. టెస్టులో ఇది దొరకడం కష్టం, కళ్లతో చదివితేనే దొరుకుతుంది.

టైమౌట్ ఫంక్షన్ చూడు. క్యూ ఆగిపోయి, డ్రైవర్ వేరే గడువు పెట్టుకోకపోతే 5 సెకన్లు కదలకుండా ఉంటే కెర్నెల్ వాచ్‌డాగ్ (కాపలా టైమర్) డ్రైవర్‌ని పిలుస్తుంది, చాలా డ్రైవర్లు అప్పుడు కార్డుని రీసెట్ చేస్తాయి. మీ ప్యాచ్ రిజిస్టర్లను, ఇండెక్సులను రీసెట్‌కు ముందే నోట్ చేస్తోందా? రీసెట్ అయ్యాక చదివితే అన్నీ మామూలు విలువలే కనిపిస్తాయి, అంత కష్టపడి రాసిన డంప్ దండగ.

బోర్డు 32 బిట్ ప్రాసెసర్‌దైతే 64 బిట్ కౌంటర్‌ని రెండు ముక్కలుగా చదవాలి. గిగాబిట్ లింకు నిండుగా నడిస్తే బైట్ల కౌంటర్ కింది సగం 35 సెకన్లలోపే తిరిగి సున్నాకొస్తుంది, సరిగ్గా ఆ క్షణంలో ఎవరైనా చదివితే అంకె 429 కోట్ల తేడాతో వస్తుంది. కెర్నెల్‌లో దీనికి యూ64 స్టాట్స్ సింక్ ఉంది, వాడారో లేదో చూడు.

కౌంటర్ల జాబితాలో మామూలు డ్రాప్‌లు, ఎర్రర్లు మళ్లీ కనిపిస్తే తీసెయ్యమను, అవి కెర్నెల్ ప్రామాణిక లెక్కల్లో ఎలాగూ వస్తాయి. క్యూ ఎన్నిసార్లు ఆగింది, ఎన్నిసార్లు లేచింది, డీఎంఏ మ్యాపింగ్ (ప్యాకెట్‌ని కార్డు మెమరీ నుంచి నేరుగా చదువుకునేలా కుదర్చడం) ఎన్నిసార్లు ఫెయిలైంది, ఇట్లాంటివి ఉంచు. అన్నట్టు, మ్యాపింగ్ ఫెయిలైన చోట ప్యాకెట్‌ని ఫ్రీ చేసి, మళ్లీ "బిజీ" అని రిటర్న్ చేస్తున్నారేమో కూడా చూడు, బిజీ అంటే కెర్నెల్ అదే ప్యాకెట్‌ని మళ్లీ పంపడానికి చూస్తుంది.

సీనియర్‌కి "ఇది తప్పు" అని రాయకు, "ఇక్కడ కంప్లీషన్ ముందే వస్తే ఏమవుతుంది సార్?" అని అడుగు. తప్పుంటే ఆయనే పట్టుకుంటారు.

"300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా. వైఫైలో 250 వస్తోంది, కేబుల్ పెడితే 94 దాటడం లేదు. కేబుల్‌తో ఎక్కువ రావాలి కదా?"
– జమ్మికుంట నుంచి ఒక పాఠకురాలు

రావాలి అమ్మా. 94 అన్న అంకెతోనే తెలిసిపోతోంది, లింకు 100 దగ్గరే కుదిరింది. 100కి కేబుల్‌లో రెండు జతల తీగలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి. ముందు రౌటర్, ల్యాప్‌టాప్ రెండింటి పోర్టులూ గిగాబిట్‌వేనా చూసుకోండి. అవునంటే, కేబుల్ చివర ప్లాస్టిక్ కనెక్టర్‌ని వెలుతురులో పట్టి చూడండి, 4, 5, 7, 8 పిన్నుల్లో ఏదో ఒక తీగ లోపలిదాకా పోయి ఉండకపోవచ్చు. అలా ఉంటే ఆ కనెక్టర్ కోసేసి కొత్తది క్రింప్ చేయించండి.