గ్రనాడాలో గిటార్ చేయించుకునే ముందు

బుజ్జీ,

స్పెయిన్‌లోని గ్రనాడా వెళ్లి, అక్కడి ఫ్లమెంకో సంగీతానికి, డాన్సుకి వాయించే గిటార్ చేయించుకుంటానని రాశావు. ఎంత సంతోషమేసిందో! నువ్వు పంపిన లిస్టు కూడా చదివాను. ఏ చెక్క వాడాలి, ముందు పలక ఎంత మందం ఉండాలి, దాని కింద ఎన్ని బద్దలు అంటించాలి, అన్నీ నువ్వే తేల్చేశావు. ఆ కాగితం మాత్రం గిటార్ చేసే ఆయన చేతికి ఇవ్వకమ్మా. ముప్పై నలభై ఏళ్లుగా పలకని వేలితో తట్టి, విని, గీసి పల్చన చేసుకునే మనిషికి మందం మనం చెప్పకూడదు. నీ చెయ్యి ఎలాంటిదో, నువ్వు ఎక్కడ, ఎలా వాయిస్తావో ఆయనకు తెలియదు. నువ్వు చెప్పాల్సింది అదే.

పేరు చూసి మనిషిని ఎంచుకోవద్దు. అల్హంబ్రా కోటకి ఎక్కే దారిలో కుయెస్తా దె గోమెరెస్ వీధి గిటార్ వర్క్‌షాపులకు పేరుపడింది. ఊళ్లో మిగతా చోట్లా ఉన్నాయి. మాడ్రిడ్‌ది ఇంకో పరంపర. మాన్యుయెల్ రామిరెజ్ దగ్గర పనిచేసిన సాంతోస్ ఎర్నాందెజ్, దొమింగో ఎస్తెసో, ఆ తర్వాత ఎస్తెసో మేనల్లుళ్లయిన కొందె సోదరులు. పేరున్న ఫ్లమెంకో గిటారిస్టు పాకో దె లూసియా కొందె గిటార్ వాయించాడని అందరూ అదే కావాలంటారు. నువ్వు మాత్రం ఆర్డర్ ఇవ్వబోయే ఆయన చేసిన గిటార్లు కనీసం రెండు వాయించి చూడు. వాటిలో ఒకటి నాలుగైదేళ్లు వాడినదైతే మరీ మంచిది. షాపులో లేకపోతే, ఆయన దగ్గర కొన్నవాళ్లు ఆ ఊళ్లో ఎవరైనా ఉన్నారేమో అడుగు. అందులో మొహమాటం ఏమీ లేదు.

ఇక అసలు విషయం, తీగల ఎత్తు. మాట్లాడడానికి కూర్చున్నప్పుడు మిగతావన్నీ మరిచిపోయినా ఇది మరిచిపోకు. క్లాసికల్ గిటార్‌లో బ్రిడ్జి దగ్గర, అంటే పలక మీద తీగలు కట్టే చెక్క దగ్గర, తీగలు ముందు పలకకి 10, 11 మిల్లీమీటర్ల పైన ఉంటాయి. ఫ్లమెంకోకి 7, 8 చాలు. ఎందుకంటే నీ ఉంగరం వేలు మాటిమాటికీ పలక మీద గోల్పె దెబ్బ వెయ్యాలి కదా. తీగలు పైకి ఉంటే వేలు అంత దూరం దిగి మళ్లీ రావాలి, బులేరియా లాంటి వేగమైన లయలో చెయ్యి అలిసిపోతుంది. ఈ ఎత్తు మెడని పెట్టెకి కలిపే కోణంలోనే తేలిపోతుంది. గిటార్ తయారయ్యాక బ్రిడ్జి మీద ఎముక ముక్కని అరగదీసి సరిచేద్దామంటే కొంతవరకే కుదురుతుంది. అందుకే పని మొదలుపెట్టకముందే చెప్పాలి. మెడ మీద 12వ ఫ్రెట్ (మెట్టు) దగ్గర ఆరో తీగ ఎత్తు 3 మిల్లీమీటర్లకు మించకుండా అడుగు. గట్టిగా వాయిస్తే తీగ కాస్త గరగరమంటుంది. ఫ్లమెంకోకి ఆ గరగర ఉండాలి. ఎంత ఉండాలన్నది నీ కుడిచెయ్యి బలాన్ని బట్టి ఉంటుంది.

అందుకని ఆయన ఎదురుగా కూర్చుని వాయించు. కచేరీ కోసం దాచుకున్న ముక్క వద్దు, రోజూ డాన్స్ క్లాసులో వాయించేదే వాయించు. రస్గెయాదో (వేళ్లన్నీ విదిలిస్తూ తీగలు మీటడం), పికాదో (రెండు వేళ్లతో మార్చి మార్చి ఒక్కో స్వరం మీటడం) రెండూ చూపించు. ఆయన నీ గోళ్లు చూస్తాడు, మణికట్టు చూస్తాడు, దెబ్బ పలక మీద ఎక్కడ పడుతోందో చూస్తాడు. గోల్పెయాదోర్, అదే దెబ్బలకి అడ్డుగా అంటించే ఆ పల్చని రేకు, ఎంత వరకు వెయ్యాలో అప్పుడే తెలుస్తుంది. సిగ్గుపడి గిటార్ పక్కన పెట్టెయ్యకు.

చెక్క విషయంలో నీ ఆలోచన మార్చుకోమంటాను. నువ్వు నెగ్రా కావాలన్నావు, అంటే పక్కలు, వెనక పలక రోజ్‌వుడ్‌వి. మనవైపు నుంచి వెళ్లే ఇండియన్ రోజ్‌వుడ్ వాళ్లు బాగానే వాడతారు, అది నీకు నచ్చడం సహజమే. కానీ నువ్వు వాయించేది డాన్సుకి. సైప్రస్ చెక్కతో చేసే బ్లాంకాలో శబ్దం ఠక్కున లేచి వెంటనే అణిగిపోతుంది, మన వీణలోలా సాగదు. కాళ్ల చప్పుడు మధ్యలో కావలసింది అదే. తేలిగ్గా కూడా ఉంటుంది. సోలో కచేరీల రోజు వస్తే అప్పుడు నెగ్రా చూద్దాం. ఎవరైనా బ్రెజిల్ రోజ్‌వుడ్ ఇస్తానంటే మాత్రం వద్దను. 1992 నుంచి దాని వ్యాపారం మీద గట్టి ఆంక్షలున్నాయి, సరిహద్దులు దాటేటప్పుడు కాగితాల టెన్షన్ నీకెందుకు?

నీ చెయ్యి చిన్నది. తీగ పొడవు 650 మిల్లీమీటర్లు చాలు, 660 అయితే శబ్దం పెద్దగా వస్తుందని చెప్పేవాళ్ల మాట వినకు. చెక్క బిరడాలు అందంగా ఉంటాయి కానీ క్లాసు మధ్యలో శ్రుతి చేసుకునేదానివి, మరలే పెట్టించుకో.

ఇంకొకటి, నువ్వు లిస్టులో రాయనిది. గిటార్ ఎక్కడ ఉండబోతోందో ఆయనకు చెప్పు. ఇప్పుడు మ్యూనిక్, శీతాకాలంలో హీటర్ వేస్తే గది ఎండిపోతుంది, పలక పగిలేది అప్పుడే. రెండేళ్లలో విశాఖ వచ్చేస్తానంటున్నావు, అక్కడ సముద్రపు తేమకి పలక ఉబ్బి తీగలు పైకి లేస్తాయి. ఎత్తు ఒకటి, తక్కువ ఒకటి, రెండు ఎముక ముక్కలు చేసిమ్మని అడుగు. కాలాన్ని బట్టి మార్చుకోవచ్చు. ఫ్రెంచ్ పాలిష్, అంటే గిటార్‌కి వేసే లక్క మెరుగు, చెమటకి మెత్తబడుతుంది, విశాఖలో ముంజేతి కింద గుడ్డ వేసుకోకుండా వాయించకు.

ధర, అడ్వాన్స్, ఎప్పటికి ఇస్తాడు, ఇవి మూడూ కాగితం మీద రాయించుకో. ఏడాది పైన పట్టినా ఆశ్చర్యపోకు, మధ్యలో ఊరికే ఫోన్లు చెయ్యకు. పూర్తయ్యాక కొరియర్‌లో తెప్పించుకోకుండా నువ్వే వెళ్లి, అక్కడే ఒక గంట వాయించి తెచ్చుకో. తీగల ఎత్తు కాస్త అటూ ఇటూ చెయ్యాలంటే ఆయన ముందే అయిపోతుంది.

ఇప్పుడు వాయిస్తున్న గిటార్‌కి 12వ ఫ్రెట్ దగ్గర, బ్రిడ్జి దగ్గర తీగ ఎత్తు కొలిచి నాకు రాయి. ఎడమచేతి బొటనవేలు నుంచి చిటికెన వేలు దాకా జానెడు కొలత కూడా. అవి రాగానే ఆయనకు ఇవ్వాల్సిన ఉత్తరం స్పానిష్‌లో రాసి పంపుతాను.

మీ పెద్దమ్మ