వేగే బంక వేరు, నానే బంక వేరు

అమ్మడూ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. బాలింత అయిన మీ ఆడపడుచుకు లడ్డూలు చేద్దామని గోందు, అంటే చెట్టు బంక, నేతిలో వేస్తే పొంగలేదు, రాళ్లలా మిగిలిందన్నావు. తప్పు నీ చేతిది కాదు, కొన్న పొట్లానిది. అది గోందు కతీరా, వేయించేది కాదు, నీళ్లలో నానబెట్టుకునే బంక. లడ్డూలకు కావలసింది ఉత్త గోందు, అంటే మన తుమ్మ జాతి చెట్ల బంక. చిన్నప్పుడు మేము గట్టు మీది తుమ్మచెట్టు నుంచి గిల్లి నోట్లో వేసుకునేవాళ్లం, మిగిలినదానితో పుస్తకాలకు అట్టలు అంటించేవాళ్లం.

పోల్చుకోవడం తేలికే. రాత్రి ఒక ముక్క నీళ్లలో వెయ్యి. తుమ్మ బంక కరిగి జిగురు నీళ్లవుతుంది. కతీరా కరగదు, ఉబ్బి గుజ్జులా తేలుతుంది. నల్లమలలో చెంచులు తెచ్చే తపసి బంకదీ అదే తీరు. ఆ పొట్లం పారెయ్యకు. చెంచాడు కతీరా రెండు గ్లాసుల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, ఎండాకాలం పాలలోనో నిమ్మరసంలోనో కలుపుకోండి. నానకుండా మాత్రం మింగొద్దు, గొంతులో ఉబ్బి అడ్డుపడుతుంది.

ఇక లడ్డూలు. ఇవి నేను బేగంబజారులో ఉన్నప్పుడు పక్కింటి మార్వాడీ ఆవిడ దగ్గర నేర్చుకున్నవి. వంద గ్రాముల గోందును శనగగింజంత ముక్కలుగా కొట్టు. తేమ పట్టి ఉంటే గంటసేపు ఎండలో పెట్టు. పావుకిలో నెయ్యి కాగాక ఒక్క ముక్క వేసి చూడు, పేలంలా విచ్చుకోవాలి. మధ్యస్థమైన మంట మీద చెంచాడు చెంచాడే వేయించు. మంట ఎక్కువైతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, తిన్నప్పుడు పళ్లకు పట్టుకుని వదలదు. తీసిన ముక్కను నలిపితే పొడి కావాలి. లోపల గాజులా మెరిసిందా, ఇంకా వేగలేదన్నమాట. అంతా గిన్నె అడుగుతో నలిపి పక్కన పెట్టుకో. అదే నేతిలో పావుకిలో గోధుమపిండి కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, ఎండుకొబ్బరి, బాదం, చెంచాడు శొంఠి, నలిపిన గోందు కలుపు. పావుకిలో బెల్లం తురుము మాత్రం దించి, గోరువెచ్చగా అయ్యాకే. వేడి మీద వేశావో, పాకమై లడ్డూ రాయవుతుంది.

మీ అత్తగారు ఇది ఎముకలకు బలమంటున్నారన్నావు. ఆవిడతో వాదించకు గానీ, బంకలో ఉన్నది ముఖ్యంగా పీచు. బలమంతా నెయ్యి, బెల్లం, బాదాలదే. నీళ్లు బాగా తాగితే ఆ పీచు బాలింతకు విరేచనం సాఫీగా అవడానికి సాయపడుతుంది. ఎక్కువ తింటే కడుపు ఉబ్బరం. రోజుకు చిన్న లడ్డూ ఒకటి చాలు. మీ ఆడపడుచుది ఆపరేషన్ కాన్పు కదా, డాక్టరమ్మను అడిగాకే మొదలుపెట్టండి.

ఈసారి బంక కొన్నాక, పొయ్యి వెలిగించకముందే ఫొటో పంపు. నెయ్యి మళ్లీ దండగ కావొద్దు.

మీ పెద్దమ్మ