జెముడంటే కాక్టస్సేనా?

సందేహం: మా మేడ మీద కుండీలకి నర్సరీవాళ్లు కట్టిన చీటీలు వానకి చెరిగిపోయాయి. తెలుగులో పేర్లు రాసి పెడదామంటే, అమ్మ అన్నిటినీ బ్రహ్మజెముడే అంటుంది. పక్కింటి ఒడియావాళ్లు ఒకదాన్ని సిజు, ఇంకోదాన్ని నాగఫెణి అంటారు. పచ్చటి కాడ మీద ఎర్ర బంతిలా ఉన్నదానికి ఎవరూ పేరు చెప్పలేదు. కాక్టస్‌కి తెలుగు జెముడేనా? 'కాక్టైలు' అనొచ్చా?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

సమాధానం: సగం జవాబు మీ పక్కింటివాళ్లే చెప్పేశారు.

జెముడు అసలు పాలు కారే మొక్క. సంస్కృతంలో స్నుహి. అమరకోశం దానికి 'సమంతదుగ్ధా' అని ఇంకో పేరు కూడా చెప్పింది, ఒళ్లంతా పాలే అని. బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు ఆ కోవవి. శాస్త్రం లెక్కలో యుఫోర్బియాలు, కాక్టస్‌లు కావు. కాక్టస్‌ల పుట్టిల్లు అమెరికా. అక్కణ్ణుంచి మట్టల ముళ్లమొక్క వచ్చాక మనవాళ్లు కొత్త మాట వెతుక్కోలేదు, ఉన్న జెముడుకే పాముపడగ తగిలించి నాగజెముడు అన్నారు. ఒడియా నాగఫెణిలో ఉన్నదీ ఆ పడగే. సిజు మాత్రం మన పాలజెముడు. ఇలా పేరు అరువిచ్చింది మనమే కాదు. గ్రీకులో కాక్టోస్ అంటే వేరే ముళ్లమొక్క; 1753లో మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ ఆ మాటను అమెరికా మొక్కలకి వాడాడు.

బ్రహ్మజెముడు మాత్రం చీటీ మీద వద్దు. ఒకరు పాలజెముడునంటారు, ఇంకొకరు నాగజెముడునంటారు. (అమ్మతో వాదనా వద్దు.)

ఏది ఏదో తేలాలంటే ముల్లు మొలిచే చోటు చూడండి. దూదిచుక్కలాంటి మెత్తలోంచి ముళ్లు వస్తే కాక్టస్. మెత్త లేకుండా జంటముళ్లుండి, గిల్లితే పాలొస్తే జెముడు. పాలొక్కటే గుర్తనుకోకండి, మామిలేరియా కాక్టస్‌లలో కొన్నిటికి పాలుంటాయి. గిల్లిన చేత్తో కళ్లు నలుముకోకండి, జెముడు పాలు కంటికి ప్రమాదం.

ఎర్ర బంతి ఒక మొక్క కాదు, రెండు. బంతికి పచ్చదనం లేదు కాబట్టి సొంతంగా బతకలేదు. డ్రాగన్ ఫ్రూట్ చుట్టమైన కాడకి అంటుకట్టి అమ్ముతారు. 'అంటు కాక్టస్' అని రాయండి, మామిడికి పనికొచ్చిన మాట దీనికీ పనికొస్తుంది.

కాక్టై అప్పటికే బహువచనం, దానికి మళ్లీ 'లు' ఎందుకు? కాక్టస్‌లు అంటే చాలు. జెముడుకైతే జెముళ్లు.